వరదలో మునిగిన టీవీ గేమ్ సెట్టును చేతిలో పట్టుకు ఆడేలా మార్చాను, ఎనిమిది నిమిషాలకే ఆగిపోతోంది

మండీ గుమాస్తా, కర్నూలు:

నమస్కారం. నేను కర్నూలు మార్కెట్ యార్డులో ఒక ఉల్లిగడ్డల మండీలో లెక్కలు రాస్తాను. ఎలక్ట్రానిక్స్ చదివినవాడిని కాను. ఫ్యాను కెపాసిటర్ మార్చడం, మిక్సీ వైరు అతికించడం వరకు చేతనవును. కాబట్టి తప్పు ఎక్కడ చేశానో దాచకుండా చెప్పండి, తిట్టినా పడతాను.

ముందు సెట్టు సంగతి. 1998లో మా నాన్న మా అన్నకూ నాకూ కలిపి ఒక టీవీ గేమ్ కొనిచ్చారు. జపాన్ నింటెండో కంపెనీ టీవీ గేమ్ సెట్టు ఫ్యామికామ్‌కు నకలు అది, అప్పట్లో ఊరూరా అమ్మినవే. అట్టపెట్టె మీద ఎర్ర కారు బొమ్మ ఉండేది, లోపల ఏ ఆటలోనూ ఆ కారు లేదు. క్యాసెట్ మీద 9999 ఆటలని రాసి ఉంటే, మా అన్న వేసవి సెలవుల్లో నోటుపుస్తకం పెట్టుకుని లెక్కకట్టి పదకొండని తేల్చాడు. మిగతావన్నీ అవే ఆటలు, రంగు మార్చుకుని మళ్లీ వచ్చేవి.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చినప్పుడు మా ఇల్లు పాత పట్టణంలోనే. టీవీ పోయింది, ఫ్రిజ్ పోయింది, బియ్యం డ్రమ్ము ఎవరి వాకిట తేలిందో తెలియదు. నీళ్లు తీశాక బీరువా కింది అరలో, పెళ్లి చీరల మధ్య బురదముద్దలా ఈ సెట్టు దొరికింది. అమ్మ దాన్ని గిన్నెలతో పాటు కడిగేసి డాబా మీద బోర్లించింది. నేను వద్దంటూనే ఉన్నాను. ఆ తర్వాత అటక ఎక్కి పోయిన వేసవి దాకా అక్కడే ఉంది.

పోయిన వేసవిలో మా అమ్మాయికి చూపిద్దామని దించి, టీవీకి తగిలిస్తే వెలిగింది! క్యాసెట్ పెట్టే చీలికలో పిన్నులకు పచ్చటి తుప్పు పట్టి ఉంటే రబ్బరుతోనూ, స్పిరిట్‌లో ముంచిన పాత పళ్ల బ్రష్షుతోనూ రుద్దాను. సంక్రాంతికి మా అన్న గల్ఫ్ నుంచి వస్తున్నాడు. అప్పటికి దీన్ని చేతిలో పట్టుకుని ఆడేలా చేసి ఇద్దామని నా కోరిక.

చేసింది ఇదీ. లోపలి బోర్డు జానెడు ఉంది, దాని మీద నలభై కాళ్ల ఐసీలు రెండు. కారు వెనక్కి తీసేటప్పుడు చూసుకునే 4.3 అంగుళాల స్క్రీను కొన్నాను, 12 వోల్టులది. సెట్టు వెనక ఉన్న పసుపు జాక్ నుంచి బొమ్మ తీసి దానికి ఇచ్చాను. తెలుపు జాక్ నుంచి శబ్దం తీసి, ఒక చిన్న ఆంప్లిఫయర్ బోర్డు ద్వారా స్పీకరుకు ఇచ్చాను. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పి ఒక 18650 సెల్ (గుండ్రటి లిథియం సెల్) తీశాను. దానికి టీపీ4056 ఛార్జింగ్ బోర్డు. తర్వాత వోల్టేజిని పెంచే ఎంటీ3608 బూస్టర్ బోర్డులు రెండు: ఒకటి 12 వోల్టులకు తిప్పి స్క్రీనుకు, రెండోది 9 వోల్టులకు తిప్పి సెట్టుకు. ఒరిజినల్ అడాప్టర్ మీద 9 అని ఉంది మరి. అంతా ఇళ్లలో స్విచ్‌బోర్డు బిగించే తెల్లటి ప్లాస్టిక్ పెట్టెలో కూర్చోబెట్టాను.

వెలుగుతుంది. బొమ్మ వస్తుంది. ఎనిమిది నిమిషాలకు ఠక్కున ఆరిపోతుంది. ఐదు నిమిషాలు ఆగి వేస్తే మళ్లీ రెండు నిమిషాలు నడుస్తుంది. సెట్టు బోర్డు మీద ఉన్న అల్యూమినియం రేకు చేయి పెట్టలేనంత వేడి. బొమ్మ మీద సన్నటి గీతలు కూడా కదులుతున్నాయి. మల్టీమీటరు పెట్టి చూస్తే సెట్టు 0.35 ఆంపియర్లు, స్క్రీను 0.23 ఆంపియర్లు తీసుకుంటున్నాయి. ఏం చేయాలి?

మూడో ఏడాది ఇంజనీరింగు, కడప:

అన్నా, ఇంత కష్టం ఎందుకు? రాస్ప్‌బెర్రీ పై జీరో అనే బుల్లి కంప్యూటర్ బోర్డు ఒకటి తీసుకుని, పాత సెట్టులా నటించే ఎమ్యులేటర్ సాఫ్ట్‌వేర్ వేస్తే పాత ఆటలన్నీ అందులోనే ఆడవచ్చు. బోర్డు అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, అంతే. సిద్ధంగా తయారై వచ్చేవి కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఆ పాత బోర్డును షోకేసులో పెట్టండి.

సోల్డర్ పొగ, అనంతపురం:

కడప తమ్ముడు చెప్పింది తప్పు కాదు, కానీ ఆయన అడిగింది అది కాదు. వాళ్లన్న ఆడిన సెట్టు వాళ్లన్న చేతిలో పెట్టాలని ఆయన తాపత్రయం. ఇది కొత్తగా పుట్టిన పిచ్చి కూడా కాదు. బెన్ హెకెండార్న్ అనే అమెరికన్ 2000లోనే అటారి 2600 అనే పాత టీవీ గేమ్ సెట్టును కోసి చేతిలో పట్టేలా చేశాడు. అంతకు ముందే, 1995లో, సెగా కంపెనీ తన ఇంటి సెట్టునే కుదించి నోమాడ్ పేరుతో అమ్మింది. దానికి ఆరు పెన్సిల్ సెల్లులు వేయాలి, అవి ఎంత త్వరగా అయిపోతాయో అందరూ చెప్పుకునేవారు. అంటే గుమాస్తా గారూ, మీకు వచ్చిన కష్టం సెగా వాళ్లకూ వచ్చింది. దిగులు పడకండి.

నేను ముప్పై ఏళ్లుగా టీవీలు బాగుచేస్తున్నాను. ఇప్పుడు టీవీలు బాగుచేయించుకునేవాళ్లు లేరు, అందుకని ఇలాంటివి చదవడానికి తీరిక దొరికింది.

మీ సెట్టులో తప్పేమీ లేదు. లెక్కలో తప్పుంది. మీరు లెక్కలు రాసేవారు కదా, జమాఖర్చు వేద్దాం. సెట్టుకు 9 వోల్టులు, 0.35 ఆంపియర్లు, అంటే సుమారు 3.15 వాట్లు. స్క్రీనుకు 12 వోల్టులు, 0.23 ఆంపియర్లు, అంటే 2.76 వాట్లు. కలిపి దాదాపు 6 వాట్లు. బూస్టర్లు తమ కమీషను తాము తీసుకుంటాయి, నూటికి పదిహేను వేసుకోండి. సెల్ నుంచి 7 వాట్లు పోవాలి. 3.5 వోల్టుల సెల్ నుంచి 7 వాట్లంటే 2 ఆంపియర్లు. ఎవరి ల్యాప్‌టాప్‌లోనో ఏళ్ల తరబడి కాగిన సెల్ అది, రెండు ఆంపియర్లు లాగితే దాని వోల్టేజి కూలిపోతుంది. వోల్టేజి పడేకొద్దీ బూస్టర్ అదే వాట్ల కోసం ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, అప్పుడు ఇంకా పడుతుంది. చివరికి ఛార్జింగ్ బోర్డులోని రక్షణ ఐసీ సెల్ ఖాళీ అయిందనుకుని తలుపు మూసేస్తుంది. ఐదు నిమిషాలు ఆగితే సెల్ ఊపిరి పీల్చుకుని రెండు నిమిషాలు నడుస్తుందన్నారు చూడండి, అది ముసలి సెల్ లక్షణం.

ఇక ఆ వేడి రేకు. దాని కింద మూడు కాళ్ల 7805 ఉంటుంది. ఎంత వోల్టేజి ఇచ్చినా 5 వోల్టులే బయటికి వదిలి, మిగిలింది వేడిగా తగలేయడం దాని పని. ఆ రెండు పెద్ద ఐసీలూ 5 వోల్టుల మీదే నడుస్తాయి. మీరేం చేశారు? 3.7 వోల్టులను కష్టపడి 9కి ఎక్కించి, 7805 చేతికిచ్చి మళ్లీ 5కి దింపించారు. నడుమ 4 వోల్టులు, 0.35 ఆంపియర్లు, 1.4 వాట్లు ఉట్టి పుణ్యానికి వేడై పోతున్నాయి. గోడకు తగిలించే అడాప్టర్ ఉన్నప్పుడు ఎవరికీ పట్టలేదు, కరెంటు బిల్లు కట్టేది నాన్నగారు.

కాబట్టి 7805ను పీకేయండి. దాని మూడో కాలు, అంటే 5 వోల్టులు బయటికొచ్చే కాలు ఉన్న రంధ్రంలో బూస్టర్ నుంచి నేరుగా 5 వోల్టులు ఇవ్వండి. నడిమి కాలు నేల, అంటే గ్రౌండ్, బ్యాటరీ మైనస్ వైపు. ఒక్క మాట, ఇది మాత్రం మరిచిపోవద్దు: బూస్టర్ మీది నీలం పెట్టెకున్న ఇత్తడి మరను సెట్టుకు తగిలించక ముందే తిప్పి, మీటరులో 5 చూసి, అప్పుడు అతికించండి. ఆ మర ఒక చుట్టుకు కదలదు, పది పదిహేను చుట్లు తిప్పాలి. ఇప్పుడది 9 మీద ఉంది. అలాగే అతికిస్తే వరద చేయలేని పని మీరు చేసినవారవుతారు.

స్క్రీను వెనక మూత తీయండి. ఎర్ర వైరు వచ్చి చేరే చోటే ఎనిమిది కాళ్ల చిన్న ఐసీ ఒకటి, పక్కన నల్లటి కాయిల్ ఉంటాయి. 12ను దించే పని వాటిది. కాయిల్ అవతలి కొస దగ్గర మీటరు పెట్టండి. 5 వోల్టులు కనిపిస్తే మీ అదృష్టం: ఆ ఐసీని తీసేసి అక్కడే 5 ఇవ్వవచ్చు, 12 అక్కర్లేదు. 3.3 కనిపిస్తే ముట్టుకోకండి, వచ్చి చెప్పండి. కొన్ని స్క్రీన్లలో వెనక వెలుగు నేరుగా 12 మీద నడుస్తుంది, అలాంటి వాటికి ఈ పని కుదరదు. మీదేదో చూస్తే కానీ తెలియదు.

సెల్ కొత్తది కొనండి. సెల్ మీద సోల్డరింగ్ ఐరన్ పెట్టారా? పెట్టి ఉంటే ఇకమీద పెట్టకండి. హోల్డరు చవకగానే దొరుకుతుంది.

గీతల సంగతి తర్వాత. ముందు ఒకటి చెప్పండి. ఆటలో పాట ఆగినప్పుడు గీతలు కూడా ఆగుతాయా?

మండీ గుమాస్తా, కర్నూలు:

అన్నా, ఈ జమాఖర్చు మా షావుకారుకు చూపించాలి. రెండు రోజులుగా ఆ 9 వోల్టుల గురించే ఆలోచిస్తున్నాను. అడాప్టర్ మీద రాసి ఉన్నది దైవవాక్కు అనుకున్నాను.

కాయిల్ అవతల 5.02 వచ్చింది. పక్కింటివాళ్లు వచ్చి ఏమైందని అడిగేంత గట్టిగా అరిచాను.

ఆట మొదట్లో పాట ఆగి నిశ్శబ్దంగా ఉన్నప్పుడు చూశాను. గీతలు దాదాపు పోయాయి. తుపాకీ పేలితే ఒక్కసారిగా అడ్డంగా వస్తున్నాయి. అంటే స్పీకరు వల్లనా? స్పీకరు స్క్రీనుకు ఆనుకుని ఉంది, దూరం జరపాలా?

సెల్ మీద సోల్డరింగ్ పెట్టాను. క్షమించండి.

సోల్డర్ పొగ, అనంతపురం:

నన్ను క్షమాపణ అడగడం దేనికి, సెల్‌ను అడగండి.

స్పీకరును కదపనక్కర్లేదు. నేల వైరును చూడండి. మీరు బ్యాటరీ నుంచి ఒకే నల్ల వైరు తీసి, ఆంప్లిఫయర్‌కు తాకించి, అక్కడి నుంచి స్క్రీనుకు, అక్కడి నుంచి సెట్టుకు పూసలదండలా గుచ్చి ఉంటారు. అవునా? తుపాకీ పేలిన ప్రతిసారీ ఆంప్లిఫయర్ ఒక గుక్క కరెంటు లాగుతుంది. ఆ గుక్క పోయే దారీ, బొమ్మ తాలూకు సిగ్నల్ తిరిగి వచ్చే దారీ ఒకటే కావడం వల్ల శబ్దం బొమ్మలోకి చొరబడుతోంది. బ్యాటరీ దగ్గర ఒక చోటు పెట్టుకుని, మూడింటికీ మూడు నల్ల వైర్లు అక్కడి నుంచే విడివిడిగా తీయండి. పాత టీవీల్లో ఈ జబ్బుకు వందసార్లు ఇదే వైద్యం చేశాను.

బూస్టర్లు రెండూ ఉంచుకోండి. రెండింటినీ 5కి తిప్పి, ఒకటి సెట్టుకూ ఆంప్లిఫయర్‌కూ, ఇంకొకటి స్క్రీనుకు మాత్రమే ఇవ్వండి. స్క్రీను దగ్గర 470 మైక్రోఫారడ్, 16 వోల్టుల కెపాసిటర్ ఒకటి వేయండి, గీత ఉన్న కాలు నేలకు. తిరగేస్తే టపాసులా పేలుతుంది.

ఆట ఆడే బటన్ల రిమోట్ ఏం చేశారో రాయలేదు. దాని బోర్డునే పెట్టెలో పెట్టారా?

మండీ గుమాస్తా, కర్నూలు:

పూసలదండే. ఎలా కనిపెట్టారు?

రిమోట్ బోర్డును మధ్యకు కోసేశాను. ఎడమ సగం స్క్రీనుకు ఎడమ పక్క, కుడి సగం కుడి పక్క. కోశాక ఏ బటనూ పనిచేయలేదు, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరునాడు భూతద్దం పెట్టి చూస్తే ఒక్కో బటను నుంచి ఒక్కో సన్నటి రాగి గీత నడిమి నల్లచుక్క ఐసీకి వెళుతోంది. నల్లచుక్క కుడి సగంలో ఉండిపోయింది. కాబట్టి ఎడమ వైపున్న నాలుగు దిక్కుల గీతలకు, పైన ఉన్న ఆకుపచ్చ పూతను బ్లేడుతో గీకి నాలుగు వైర్లు వేశాను. నేల కోసం ఐదోది. పాత కంప్యూటర్ హార్డ్‌డిస్క్ పట్టీ చీల్చితే వెంట్రుకల్లాంటి వైర్లు వచ్చాయి. ఎంత గీకాలో తెలియక మొదటి గీత రాగితో సహా లేచిపోయింది. అది పైకి దిక్కు. దాన్ని మాత్రం ఐసీ దగ్గరి నుంచి తెచ్చుకున్నాను.

నాకు అర్థం కానిది ఒకటుంది. బటన్లు ఎనిమిది, రిమోట్ నుంచి సెట్టుకు వెళ్లే వైర్లు ఐదే. ఎలా సరిపోతున్నాయి?

మూడో ఏడాది ఇంజనీరింగు, కడప:

ఇది నాకు తెలుసు, నేను చెబుతాను. అసలు ఫ్యామికామ్ రిమోట్‌లో 4021 అనే షిఫ్ట్ రిజిస్టర్ ఉంటుంది. మీ నల్లచుక్క చేసేదీ అదే పని. ఐదు వైర్లలో రెండు కరెంటుకు, మిగతా మూడు మాటలకు. సెట్టు ఒక వైరులో "పట్టుకో" అంటుంది, ఆ క్షణాన ఎనిమిది బటన్లలో ఏవి నొక్కి ఉన్నాయో చిప్పు పట్టుకుంటుంది. తర్వాత రెండో వైరులో సెట్టు ఒక్కో తట్టు తడుతుంటే, మూడో వైరులో ఒక్కో బటను సంగతి వరుసగా చెబుతుంది. ముందు ఎ, తర్వాత బి, సెలెక్ట్, స్టార్ట్, పైకి, కిందికి, ఎడమ, కుడి. స్కూల్లో హాజరు పిలిచినట్టు.

ఇంకొకటి, నా మొదటి సలహా వెనక్కి తీసుకుంటున్నాను. ల్యాబ్ పరీక్షలో ఈ ప్రశ్నకు జవాబు రాసి మార్కులు తెచ్చుకున్నాను, కానీ రాగి గీతను ఎప్పుడూ గీకలేదు.

ఏడు రోడ్లు, కడప:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా ఇంట్లోనూ ఇలాంటి సెట్టు ఉంది, దాంతోపాటు బాతులను కాల్చే తుపాకీ వచ్చింది. ఇలాంటి చిన్న స్క్రీను మీద అది పనిచేస్తుందా?

ఇంకో మాట. గుమాస్తా గారు స్విచ్‌బోర్డు పెట్టెతో ఆపేయకుండా త్రీడీ ప్రింటు పెట్టె చేయించుకుంటారేమోనని చెబుతున్నాను. మామూలుగా ప్రింటు చేసే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. నేను ఫోను పట్టుకునే స్టాండు చేయించి స్కూటరు డిక్కీలో మరిచిపోయాను. మే నెల, మధ్యాహ్నం, ఎండలో బండి. సాయంత్రానికి అది అప్పడంలా వంగింది.

సోల్డర్ పొగ, అనంతపురం:

తుపాకీ పనిచేయదు. మీట నొక్కగానే ఆట స్క్రీనును ఒక్క క్షణం నల్లగా చేసి, బాతు ఉన్నచోట మాత్రం తెల్ల చతురస్రం గీస్తుంది. గొట్టంలోని కన్ను ఆ తెలుపును చూస్తే దెబ్బ తగిలినట్టు. ఆ కన్ను పాత గాజు టీవీ కిరణం సెకనుకు పదిహేను వేలకు పైగా గీసే గీతల మినుకును పసిగట్టేలా తయారైంది. ఎల్‌సీడీలో ఆ కిరణమూ లేదు, మినుకూ లేదు, పైగా బొమ్మ ఆలస్యంగా వస్తుంది. తుపాకీ కావాలంటే గాజు టీవీ వెతకండి. నా దగ్గర రెండున్నాయి, అమ్మను.

పీఎల్ఏ గురించి చెప్పింది నిజం. స్విచ్‌బోర్డు పెట్టే నయం. ఎండ అన్నారు కాబట్టి సెల్ గురించి కూడా: సాధారణంగా లిథియం సెల్‌ను 45 డిగ్రీలు దాటితే ఛార్జ్ చేయకూడదంటారు. మన కర్నూలు, అనంతపురం, కడపల్లో ఏప్రిల్, మే మధ్యాహ్నం గాలే నలభై దాటుతుంది, మూసిన పెట్టెలో ఇంకా పైకి పోతుంది. ఎండాకాలం రాత్రిపూటే ఛార్జింగ్ పెట్టండి. ఛార్జ్ అవుతుండగా ఆడకండి కూడా. టీపీ4056 బోర్డుకు సెల్‌లోకి పోయేది ఎంతో, ఆట తినేది ఎంతో వేరుగా తెలియదు, ఎప్పుడు ఆపాలో తికమక పడుతుంది.

క్యాసెట్ చీలిక మళ్లీ మొరాయిస్తే కొత్తది వేయవచ్చు. అరవై పిన్నులది అడగండి. ఫ్యామికామ్‌నే అమెరికాలో అమ్మిన రూపం ఎన్ఇఎస్‌కు డెబ్బై రెండు, అది మీకు పట్టదు. ఇంకా, ఊదకండి. అందరం ఊదినవాళ్లమే, ఆ ఊపిరిలోని తడే పిన్నులను తినేది.

మండీ గుమాస్తా, కర్నూలు:

ఆదివారం పూర్తయింది. 7805 పీకాను, కాళ్లు ఒక్కొక్కటిగా. బూస్టర్ మరను మీటరు చూస్తూ తిప్పాను, పన్నెండు చుట్లకు 5.05 దగ్గర ఆగింది. అతికించే ముందు మళ్లీ చూశాను, మా అమ్మాయి చేత కూడా చదివించాను. స్క్రీనులో ఐసీ తీసి 5 ఇస్తే వెలుగుతో సహా వచ్చింది. నల్ల వైర్లు మూడూ విడివిడిగా వేశాను, 470 వేశాను. తుపాకీ పేలినా గీత లేదు.

కొత్త సెల్ 2600 మిల్లీఆంపియర్ అవర్లది. గడియారం పెట్టుకుని కూర్చుంటే గంటా యాభై నిమిషాలు నడిచింది. రేకు ఉన్న చోట చేయి పెడితే చల్లగా ఉంది, తీసేశానని మరిచిపోయి చేయి పెట్టాను.

అమ్మకు చూపిస్తే ముందు తిప్పి వెనక వైపు చూసింది. "కడిగినందుకే కదా బతికింది" అంది. ఏమీ అనలేకపోయాను.

ఎ బటను నొక్కితే ఒక్కోసారి లోపలే ఉండిపోతోంది, పెట్టెలో రంధ్రం బిగుతైందనుకుంటాను, ఆకురాయి వేస్తాను. అసలు చిక్కు వేరే వచ్చింది. రాత్రి అన్నకు వీడియో ఫోనులో చూపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడకుండా చూసి, "రెండో రిమోట్ ఏదిరా?" అన్నాడు. దాని గురించి ఆలోచించనేలేదు. రెండో రిమోట్ సాకెట్టుకు రంధ్రం ఎక్కడ పెట్టమంటారు? పక్కల స్పీకరూ, ఛార్జింగ్ బోర్డూ ఉన్నాయి.

సోల్డర్ పొగ, అనంతపురం:

కింది అంచున, ఎడమ మూలకు. పైన క్యాసెట్ ఉంది కదా. రంధ్రం వేసే ముందు సెల్ బయటికి తీయండి.